ముక్క పరీక్షకు వెళ్లిన చోట మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు: ఒక చర్మ పాథాలజీ ల్యాబుపై సమీక్ష

హైదరాబాదులో చర్మానికి సంబంధించిన ముక్క పరీక్షలే ప్రధానంగా చేసే ఒక చిన్న ల్యాబుకు గత ఏడాది మా అమ్మ విషయంలో రెండుసార్లు వెళ్లవలసి వచ్చింది. మొదటిసారి ముక్కు పక్కన ఉన్న మచ్చ నుంచి తీసిన చిన్న ముక్కతో, రెండవసారి ఆపరేషన్‌లో కోసి తీసిన మొత్తం భాగంతో వెళ్లాం. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల ల్యాబు పేరు రాయడం లేదు. అయితే బయాప్సీ అనగానే రిపోర్టులో చివరి వాక్యం చదువుకొని ఇంటికి వచ్చేసే మనలాంటి వారికి, అటువంటి చోట డబ్బు దేనికి కడుతున్నామో, ఏమి అడగవచ్చో తెలియాలంటే ఈ అనుభవాన్ని కొంచెం వివరంగానే చెప్పాలి.

అమ్మకు అరవై నాలుగేళ్లు. తెనాలి దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు ఎండలో పొలం పనులు చూసుకున్న మనిషి. ఎడమ ముక్కుపుటం పక్కన మినపగింజంత నల్లటి మచ్చ ఒకటి మూడేళ్ల కిందట కనిపించింది. అంచులు కాస్త ఉబ్బెత్తుగా, వెలుతురులో ముత్యంలా మెరుస్తూ ఉండేది. దగ్గరి పట్టణంలో చూపిస్తే పులిపిరి అన్నారు. కరెంటుతో కాల్చి తీసేశారు, ముక్క మాత్రం పరీక్షకు పంపలేదు. ఐదు నెలలు బాగానే ఉండి, మళ్లీ అదే చోట మధ్యలో చిన్న పుండుతో మొలిచింది. పక్కు కట్టడం, ముఖం కడుక్కున్నప్పుడు ఊడి రక్తం రావడం, మళ్లీ పక్కు కట్టడం ఒక అలవాటుగా మారిన తర్వాతే అమ్మ నోరు విప్పింది. కాల్చి తీసేసినప్పుడు అసలు అదేమిటో చెప్పే ఆధారం కూడా దానితో పాటే పోయిందన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. హైదరాబాదు చర్మవైద్యుడు చేతి కటకంతో అర నిమిషం చూసి, మత్తు సూది వేసి, గుండ్రటి చిన్న బ్లేడుతో నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసి మా చేతికిచ్చారు.

ల్యాబు గురించి మొదటి మంచి మాట ఆ సీసా దగ్గరే చెప్పాలి. కౌంటరులో ఉన్న అమ్మాయి సీసా మీది పేరును, ఫారం మీది పేరును, అమ్మ ఆధార్ కార్డును ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఫారంలో ముక్కు అని మాత్రమే ఉంది, ఎడమో కుడో లేదు. డాక్టరు గారికి అక్కడికక్కడే ఫోన్ చేసి అడిగి, ఎర్ర సిరాతో రాసి, మాచేత కూడా సరిచూపించిన తర్వాతే సీసాను లోపలికి పంపింది. ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ ముక్కలు తారుమారైతే ఆ తర్వాత ముక్కను మైక్రోస్కోపులో చూసి రోగం తేల్చే పాథాలజిస్టు ఎంత గొప్పవారైనా లాభం లేదు.

నాలుగు పని దినాల్లో రిపోర్టు వచ్చింది. వచ్చిన తీరు మాత్రం బాగాలేదు. ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా వాట్సాప్‌లో పంపేశారు. ఫోను ఆ సమయంలో మా పదేళ్ల అబ్బాయి చేతిలో ఉంది. వాడు ‘బేసల్ సెల్ కార్సినోమా’ అని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. కార్సినోమా అంటే క్యాన్సరని అమ్మకు తెలియదు గానీ నా ముఖం చూసి తెలుసుకుంది. ఇటువంటి రిపోర్టును పంపే ముందు ఒక ఫోన్ చేయడం ఏ ల్యాబుకైనా కష్టం కాదు. మరునాడు నేరుగా వెళ్లి ఈ మాటే అన్నాను. కౌంటరువారు క్షమాపణ చెప్పి, పాథాలజిస్టు గారితో మాట్లాడతారా అని అడిగారు. అలా మాట్లాడే వీలుందని గోడ మీద గానీ రసీదు మీద గానీ ఎక్కడా లేదు; అడిగినవారికే దొరికే సదుపాయం. దానికి విడిగా రుసుము కూడా తీసుకోలేదు.

పాథాలజిస్టు గారు యాభై దాటిన ఆవిడ. గదిలో ఇద్దరు ఒకేసారి చూడగల మైక్రోస్కోపు ఉంది. ఒక వైపు ఆవిడ కూర్చొని, రెండో వైపు అమ్మను కూర్చోబెట్టారు. నేను పక్కన తెర మీద చూశాను. ఈ సమీక్షకు కారణం ఆ తర్వాతి ముప్పావు గంట.

మైనంలో బిగించిన ముక్కను మిల్లీమీటరులో రెండు వందల యాభయ్యో వంతు మందాన పొరలుగా కోసి, రెండు రంగులు అద్దుతారు. ఒకటి కేంద్రకాలకు పట్టే నీలం, రెండోది మిగిలిన భాగానికి పట్టే గులాబీ. ముందుగా ముక్క అంచున మిగిలి ఉన్న మామూలు చర్మాన్ని చూపించారు. అడుగు వరుసలో పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను నింపుకుంటూ, చదునవుతూ, చివరికి కేంద్రకాన్ని కూడా పోగొట్టుకొని నెలా నెలన్నరలో పొట్టుగా రాలిపోతుంది. వానకు, ఎండకు, క్రిములకు అడ్డుగోడగా నిలవడమే దాని పని. పుట్టింది మొదలు రాలే వరకు చేసేదంతా అందుకే. స్లైడును కొంచెం పక్కకు జరపగానే ఆ క్రమం తెగిపోయింది. గులాబీ రంగు నేలలో ముదురు నీలం దీవులు కనిపించాయి. వాటిలోని కణాలు ఏవీ చదునుగా మారడం లేదు, పైకి జరగడం లేదు. కేంద్రకమే తప్ప ఒళ్లు లేనట్టు కిక్కిరిసి ఉన్నాయి. దీవి అంచున మాత్రం ఒకదాని పక్కన ఒకటి నిలువుగా, పద్ధతిగా వరుస కట్టి ఉన్నాయి. మధ్య మధ్య గోధుమరంగు పొడిలా, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కనిపించింది. మచ్చ నల్లగా ఉండడానికి అదే కారణమట. మన ఒంటి ఛాయ వారిలో ఈ గడ్డ తరచుగా ఇలా నల్లగానే ఉంటుంది కనుక పుట్టుమచ్చగానో పులిపిరిగానో పొరబడడం సులభమని ఆవిడ అన్నారు.

అమ్మ కాసేపు చూసి, ‘‘అంచున నారు నాటినట్టుందే’’ అంది. ఆవిడ నవ్వి, తాము వెతికేది సరిగ్గా ఆ వరుసనేనని, దీవికీ చుట్టూ ఉన్న నేలకూ మధ్య కనిపించే తెల్లటి సందును కూడా చూడమని చెప్పారు. తర్వాత ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ‘‘అమ్మా, మేము ప్రతి కణాన్నీ ముందు అడిగేది ఇంటిపేరు. ఇవి మీ ముక్కు మీది పై చర్మపు అడుగు వరుసకు అతుక్కొని మొదలయ్యాయి. తీరు చూస్తే మాత్రం తల్లి కడుపులో బిడ్డకు వెంట్రుక కుదుళ్లు ఏర్పడేటప్పుడు కిందికి దిగే కణాల్లా ఉన్నాయి. తమ ఇంటిపేరు వదిలేసి ఇంకొకరి ఇంటిపేరు పెట్టుకున్నాయి.’’

క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా పెరగడం అని బడిలో చదువుకున్నదే తప్ప, పెరగడానికి ముందో, పెరుగుతూనో కణం తానెవరో మరచిపోవడమనే ఘట్టం ఒకటుందని నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఇంటికి వచ్చాక చదువుకున్న దానితో కలిపి ఆవిడ చెప్పిన విషయాన్ని ఇక్కడ రాస్తాను. పిండంలో చర్మం ఏర్పడేటప్పుడు కొన్ని కణాలు సాక్స్-9 అనే ప్రోటీన్‌ను తయారు చేసుకొని మొలకలా లోపలికి దిగి రోమకూపాలు, అంటే వెంట్రుక కుదుళ్లు, అవుతాయి. మిగిలినవి పై పొరగా నిలుస్తాయి. పెద్దయ్యాక ఆ ప్రోటీన్ రోమకూపంలోని మూలకణాల్లో, అంటే కొత్త కణాలను పుట్టించే కణాల్లో, ఉంటుంది గానీ పై పొర మూలకణాల్లో ఉండదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఇలెయిన్ ఫుక్స్ బృందం 2023లో ప్రచురించిన పరిశోధనలో, ఎదిగిన ఎలుకల పై పొర మూలకణాల్లో సాక్స్-9 తయారయ్యేలా చేసి ఏమవుతుందో వారాల తరబడి గమనించారు. కణంలో డీఎన్ఏ అంతా ఒకే తీరుగా తెరిచి ఉండదు; ఆ కణానికి పనికివచ్చే చోట్లు విప్పి ఉంటాయి, తక్కినవి గట్టిగా చుట్టి మూసి ఉంటాయి. మూసి ఉన్న చోటికి సైతం చేరి పట్టుకోగల శక్తి సాక్స్-9కు ఉంది. అది వెంట్రుక కుదురుకు సంబంధించిన జన్యువుల దగ్గర చేరి, వాటిని తెరవడానికి కావలసిన సహాయ ప్రోటీన్లను అక్కడికి రప్పించుకుంటుంది. ఆ సహాయకులు కణంలో లెక్కకు మించి ఉండవు. అంతవరకు పై పొర చర్మపు జన్యువులను తెరిచి ఉంచుతున్నవి కూడా అవే కావడంతో, అవి వెళ్లిపోయాక పాత జన్యువులు ఒక్కొక్కటిగా మూతపడతాయి. కొత్త గుర్తింపు రావడమూ పాత గుర్తింపు పోవడమూ ఒకే పనికి రెండు ముఖాలన్నమాట. ఈ భాగం ఆవిడ చెబుతుండగా అమ్మ అందుకుని, ‘‘అంటే నాట్లకొచ్చిన ముఠాను పక్క చేనువాళ్లు పిలుచుకుపోయారు, మన చేను బీడు పడింది’’ అంది. నేను ఇంతవరకు చదివిన ఏ వివరణా ఇంతకంటే సూటిగా లేదు.

పిండంలో ఇదే సాక్స్-9 తన పని చేసి, చుట్టుపక్కల సంకేతాలకు లోబడి, చక్కటి వెంట్రుక కుదురును తయారు చేస్తుంది. ఎదిగిన చర్మంలో అది ఆగకుండా ఉండిపోయినప్పుడు ఆ ఎలుకల్లో ఏర్పడింది వెంట్రుక కాదు, అమ్మకు వచ్చినటువంటి గడ్డే. మనుషుల్లో దీనికి బీజం చాలావరకు ఎండ వేస్తుంది. అతినీలలోహిత కిరణాల వల్ల ప్యాచ్డ్ అనే జన్యువు దెబ్బతింటే, హెడ్జ్‌హాగ్ అనే ఎదుగుదల సంకేతానికి కళ్లెం తెగిపోతుంది. ఆ సంకేతం పిండంలో వెంట్రుక కుదుళ్లను మొలిపించేదే. బ్రసెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పెన్ బృందం 2012లోనే ఎలుకల్లో ఈ సంకేతాన్ని ఆగకుండా నడిపించి చూస్తే, ఎదిగిన పై పొర కణాలు గడ్డగా మారే ముందు పిండదశలోని రోమమూల కణాల తీరుకు వెనక్కి వెళ్లడం కనిపించింది. ఆపరేషన్ చేయడానికి వీలుకాని స్థితికి చేరిన రోగుల కోసం ఇదే సంకేతాన్ని అడ్డుకునే విస్మోడెగిబ్ అనే మాత్రకు అమెరికాలో 2012 జనవరిలో అనుమతి వచ్చింది. అమ్మకు ఆ అవసరం లేదని, ఈ జాతి గడ్డ ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదని, అయితే వదిలేస్తే ఉన్న చోటనే ముక్కును, కంటిని తినేస్తుందని ఆవిడ స్పష్టంగా చెప్పారు.

ఎండలో తిరిగినవారందరికీ ఇది ఎందుకు రాదని నేను అడిగాను. వాలిపోయిన కనురెప్పలను సరిచేసే ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్ని నలుగురి నుంచి సేకరించి, బ్రిటన్‌లోని సాంగర్ సంస్థ శాస్త్రవేత్తలు 2015లో పరీక్షించిన సంగతి ఆవిడ చెప్పారు. చూడడానికి పూర్తి ఆరోగ్యంగా ఉన్న ఆ చర్మంలో దాదాపు నాలుగో వంతు కణాలు క్యాన్సర్‌కు దారితీయగల మార్పులను అప్పటికే మోస్తున్నాయి, అయినా అక్కడ గడ్డ లేదు, కణాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పుట్టుమచ్చల సంగతి కూడా అంతే. మెలనోమా అనే ప్రాణాంతకమైన చర్మ క్యాన్సర్లలో సుమారు సగానికి కనిపించే బి-రాఫ్ జన్యు మార్పే మన ఒంటి మీది మామూలు పుట్టుమచ్చల్లో ఎక్కువ వాటిలో ఉంటుంది. అవి కొంత పెరిగి జీవితాంతం ఊరకే కూర్చుంటాయి. మార్పు పడిన ప్రతి కణమూ దారి తప్పదు. చుట్టూ ఉన్న చర్మం, అడుగున ఉన్న కొల్లాజెన్ నేల, పక్క కణాలు దాన్ని పట్టి ఉంచినంత కాలం అది అలాగే ఉండవచ్చు.

అమ్మకు మాత్రం వేరే సందేహం ఉంది. ‘‘నేను గోకడం వల్ల వచ్చిందా తల్లీ?’’ అని అడిగింది. కాదని ఆవిడ వెంటనే చెప్పారు గానీ, గాయానికీ కణం గుర్తింపుకూ సంబంధం లేకపోలేదంటూ ఇంకొక విషయం వివరించారు. చర్మం తెగినప్పుడు వెంట్రుక కుదురులోని మూలకణాలు పైకి వచ్చి గాయాన్ని పూడ్చడంలో సాయపడతాయి. ఆ కొద్ది రోజులు వాటిలో కుదురుకు గుర్తయిన సాక్స్-9, పై పొరకు గుర్తయిన కె.ఎల్.ఎఫ్-5 రెండూ కలిసి ఉంటాయి. గాయం మానగానే ఏదో ఒకదానికి స్థిరపడతాయి. స్క్వామస్ అనే మరో రకం చర్మ క్యాన్సర్‌లో ఆ రెండు ఇళ్ల బతుకు ముగియకుండా కొనసాగుతుందని ఫుక్స్ బృందమే 2017లో చూపించింది. ఏళ్ల తరబడి మానని పుండ్లలో, పాత కాలిన మచ్చల్లో స్క్వామస్ క్యాన్సర్ పుట్టడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన విషయమే. పంచెకట్టు బిగించే నడుము చోట ఒరిపిడి వల్ల వచ్చే క్యాన్సర్ గురించి బొంబాయిలో వి. ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. లంగా బొందు ఒరుసుకొని నల్లబడి, పొట్టు రేగి, పుండు పడిన నడుముతో వచ్చే ఆడవారిలో కూడా అటువంటి కేసులు అరుదుగా కనిపిస్తున్నాయి. బొందు సన్నగా కాక వెడల్పుగా ఉండేలా కుట్టించుకోమని ఆవిడ అమ్మకు చెప్పిన సలహా ఏ రిపోర్టులోనూ ఉండదు. అమ్మ ఆ వారమే దర్జీకి ఆరు లంగాలు పంపింది.

ఇక బిల్లు. ముక్క పరీక్షకు మొదట చెప్పిన మొత్తం కాక, ‘బెర్-ఈపి4’ అనే అదనపు రంగు పరీక్షకు పద్దెనిమిది వందల రూపాయలు కలిపారు. మమ్మల్ని అడగలేదు. ఎందుకు చేశారో పాథాలజిస్టు గారు స్లైడు మీదనే చూపించారు: దీవుల్లో ఒకదాని నడుమ కణాలు చదునుగా మారి, స్క్వామస్ రకాన్ని తలపిస్తున్నాయి. ఈ పరీక్షలో వాడే యాంటీబాడీ (ఒక నిర్దిష్ట ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే పదార్థం) మామూలు పై పొర కణాలకు గానీ స్క్వామస్ రకానికి గానీ అంటదు, వెంట్రుక కుదురు పోలిక ఉన్న బేసల్ రకానికి అంటుకొని గోధుమరంగు చూపిస్తుంది. ఆ స్లైడులో దీవులన్నీ అంచు చుట్టూ గోధుమరంగుకు తిరిగి ఉండగా, పైనున్న మామూలు చర్మం ఏ రంగూ పట్టకుండా పాలిపోయి ఉంది. ఇంటిపేరు అడగడమంటే ఏమిటో కంటితో చూసింది అప్పుడే. పరీక్ష అవసరమేనని ఒప్పుకుంటాను. అయినా చేసే ముందు ఫోన్ చేసి చెప్పడం పద్ధతి. పద్దెనిమిది వందలు చాలామందికి మూడు, నాలుగు రోజుల కూలి.

రెండోసారి అనుభవం ఇంత బాగాలేదు. ఆపరేషన్‌లో మచ్చ చుట్టూ మామూలుగా కనిపించే చర్మాన్ని కూడా కొంత కలిపి కోసి తీసి, పై దిక్కు తెలియడానికి పన్నెండు గంటల చోట నల్ల దారం ముడి వేసి పంపారు. ల్యాబులో ఆ ముక్క అంచులకు దిక్కును బట్టి వేర్వేరు రంగుల సిరా పూసి కోస్తారు. మైక్రోస్కోపులో గడ్డ కణాలు ఆ సిరాను తాకితే, ఏ దిక్కున మిగిలిపోయిందో తెలుస్తుంది. పని శ్రద్ధగానే చేశారు. కానీ ఐదు రోజులన్నది ఎనిమిది రోజులైంది. మధ్యలో మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ‘‘రేపండీ’’ అన్న జవాబే వచ్చింది. ముఖం మీద కుట్లతో, మళ్లీ కోయాలేమో అన్న భయంతో కూర్చున్న మనిషికి మూడు రోజులు తక్కువ కాదు. ఆలస్యానికి కారణం, మొదటి కోతల్లో అడుగు అంచు సరిగా కనిపించక మళ్లీ లోతుగా పొరలు తీయించడమేనని తర్వాత తెలిసింది. అదే మాట ఫోన్‌లో చెప్పి ఉంటే సరిపోయేది. ఈసారి మాత్రం పాథాలజిస్టు గారే స్వయంగా ఫోన్ చేసి, అన్ని అంచులూ శుభ్రంగా ఉన్నాయని, అన్నిటికంటే దగ్గరి అంచు అడుగున ఒకటిన్నర మిల్లీమీటరు దూరంలో ఉందని తెలుగులో చెప్పిన తర్వాతే రిపోర్టు పంపారు. మొదటిసారి చేసిన ఫిర్యాదు ఎవరో ఒకరు విన్నట్టున్నారు.

రిపోర్టు ఇంగ్లిషులో ఉండడం తప్పనిసరే కావచ్చు; డాక్టర్లు చదవాలి కదా. దానితో పాటు తెలుగులో అర పేజీ జోడించడం మాత్రం ఈ ల్యాబుకు పెద్ద పని కాదు. ఆ గదిలో ముప్పావు గంట అంత చక్కటి తెలుగులో మాట్లాడిన ఆవిడే నాలుగు వాక్యాలు రాసినా చాలు. లిఫ్టు లేని రెండో అంతస్తు, స్కూటరు పెట్టుకోవడానికి కూడా చోటు లేని సందు అన్నవి ఎలాగూ ఉన్నాయి. ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను; ఒకటి తగ్గించింది ఆ వాట్సాప్ సందేశానికి.

వెళ్లేవారు స్లైడు చూపించమని నోరు తెరిచి అడగండి, వచ్చేటప్పుడు మైనపు బ్లాకులు కూడా తీసుకోండి. రేపు ఇంకెక్కడైనా రెండో అభిప్రాయం కావాలంటే కాగితం కంటే అవే ముఖ్యం. మాకు సంతకం పెట్టించుకొని చిన్న కాగితపు కవరులో ఇచ్చారు. మే నెల కావడంతో, ఎండలో నిలిపిన కారులో వదిలేయవద్దని, మైనం మెత్తబడుతుందని కౌంటరు అమ్మాయి రెండుసార్లు చెప్పింది. దారి పొడవునా అమ్మ ఆ కవరును చేతి సంచిలో మంచినీళ్ల సీసాకు ఆనించి పట్టుకుని కూర్చుంది.